అనంతపురంలో సండే ఎస్సే బ్యాచ్ రివ్యూ: క్లాసు బాగుంది, ఆ ప్రింటు షీటే దండగ

గ్రూప్-1 మెయిన్స్ తెలుగు మీడియంలో రాసేటోళ్లు చానామంది అడుగుతాండారు, అనంతపురంలో ఆదివారాలు నడిచే ఆ ఎస్సే బ్యాచ్ ఎట్లుంది, రెండున్నర వేలు పెట్టొచ్చా వద్దా అని. ఒక్కొక్కరికి విడివిడిగా వాయిస్ మెసేజ్ పెట్టే ఓపిక నాకు లేదు, అందుకే మొత్తం ఒకేసారి రాసేస్తున్నా. ఇన్‌స్టిట్యూట్ పేరు మాత్రం రాయను, ఎందుకంటే కింద తిట్లు కూడా ఉన్నాయి, రేపు నా ఆన్సర్ షీట్లు దిద్దేది మళ్లీ వాళ్లే. సప్తగిరి సర్కిల్ చుట్టుపక్కల రూముల్లో ఉండేటోళ్లకి ఎలాగూ తెలిసిపోతుంది.

ముందు ఈ బ్యాచ్ ఏందో చెప్తా. ఇది ఫుల్ కోచింగ్ కాదు. జనరల్ ఎస్సే పేపర్ ఒక్కదానికే, అందులోనూ గొడవ ఉండే టాపిక్కులు వచ్చినప్పుడు ఏ మాట వాడాలి, ఏ మాట వాడితే మనం ఒక పార్టీ కార్యకర్తలాగా కనపడతాం, దాని మీదే ఫోకస్. 150 మార్కుల పేపరు, మెయిన్స్‌లో ర్యాంకుకి లెక్కేసే అయిదు పేపర్లలో మొదటిదే ఇది, దీనికి బిట్లు లేవు, కీ లేదు, దిద్దేటాయన ఎవరో, ఏ ఊరాయనో, ఏ పేపర్ చదువుతాడో మనకి తెలీదు. రాజధాని గురించి రాయమంటే మనోళ్లు రాసేది చూస్తే సగం మంది స్టేజీ ఎక్కి మైకు పట్టుకున్నట్టు రాస్తారు, మిగతా సగం మంది ఏ గొడవా మనకెందుకులే అని "ఈ అంశంపై భిన్నాభిప్రాయాలు ఉన్నాయి" అనే ఒక్క వాక్యాన్ని నాలుగు పేజీలు సాగదీస్తారు. రెండు రకాలకీ మార్కులు పడవు. ఈ మధ్యలో దారి చూపిస్తాం అనేది వాళ్ల ప్రామిస్.

చెప్పేది ఇద్దరు. ఒక సార్, పేపర్ డెస్కులో ఏళ్ల తరబడి సబ్ఎడిటర్‌గా పని చేసి బయటికొచ్చినాయన. ఇంకొకరు రిటైరైన తెలుగు లెక్చరర్ మేడం. ఇద్దరికీ పడదు, క్లాసులోనే ఒకరి మాట ఒకరు ఖండించుకుంటారు, నిజం చెప్పాలంటే ఈ బ్యాచ్‌లో మజా అంతా దాంట్లోనే ఉంది.

సార్ మొదటి క్లాసు నాకు చానా నచ్చింది. బోర్డు మీద ఏమీ రాయకుండా వచ్చీ రాగానే అడిగినాడు, "హంద్రీనీవా కాలువకి ఏం చేస్తాండారప్పా?" అని. ముందు బెంచీ అమ్మాయి "ఆధునికీకరణ సార్" అనింది. వెనక నుంచి ఇంకొకాయన "సిమెంట్ లైనింగ్ సార్" అన్నాడు. రాప్తాడు దిక్కు నుంచి వచ్చే ఒక అన్న ఉన్నాడు, కాలువ పక్కనే చీనీ (బత్తాయి) తోట అంట, ఆయన లేచి "మా బోర్లకి సమాధి కడతాండారు సార్" అన్నాడు. క్లాసంతా నవ్వింది, ఆ అన్న మాత్రం నవ్వలేదు.

సార్ మూడూ బోర్డు మీద రాసినాడు. జరిగే పని ఒకటే, కాలువలో కాంక్రీటు వేస్తాండారు. ఆధునికీకరణ అనేది ప్రభుత్వం మాట, అది రాస్తే పని మంచిదని మనమే సర్టిఫికెట్ ఇచ్చేసినట్టు. సమాధి అనేది రైతు మాట, అది రాస్తే పని చెడ్డదని తీర్పు ఇచ్చేసినట్టు. అప్పుడు సార్ ఒక వాక్యం రాసి చూపించినాడు, దాదాపు ఇట్లుంది: "హంద్రీనీవా కాలువకు చేపట్టిన కాంక్రీటు లైనింగ్‌ను ప్రభుత్వం ఆధునికీకరణగా చెబుతోంది; కాలువ చివరి దాకా నీళ్లు పారాలంటే ఇది తప్పదంటోంది. ఊట ఆగిపోయి బోర్లు ఎండుతాయని కాలువ వెంబడి రైతులు భయపడుతున్నారు." చూడండి, చేత్తో తాకి చూడగలిగే పేరు ముందు పెట్టినాడు, కాంక్రీటు లైనింగ్. దానికి ఎవరు ఏ పేరు పెట్టుకున్నారో వాళ్ల నోటితోనే చెప్పించినాడు. రైతుల మాటకి "భయపడుతున్నారు" అని వేసినాడు, "రాద్ధాంతం చేస్తున్నారు" అని వేయలేదు. రాప్తాడు అన్న అప్పుడు ఒక మాట అన్నాడు, "సార్, భయపడుతున్నారు అంటే ఏదో దయ్యాన్ని చూసి భయపడినట్టుంది, మా బోరు నిజంగానే కాలువ పారినప్పుడే పోస్తాది, ఆగితే ఎండుతాది" అని. సార్ ఒక నిమిషం ఆలోచించి "భయపడుతున్నారు" కొట్టేసి "చెబుతున్నారు" అని మార్చినాడు. ఈ ఒక్క సీన్ కోసం రెండున్నర వేలు ఇవ్వొచ్చు అనిపించింది నాకు.

ఇదే పద్ధతిలో శ్రీశైలం నీళ్లు కూడా చేయించినాడు. ఆ నీళ్లు సీమకి మళ్లించే పోతిరెడ్డిపాడు 44 వేల క్యూసెక్కులు, రోజుకి 3 టీఎంసీలు ఎత్తిపోయాలనుకున్న రాయలసీమ లిఫ్ట్, దానికి 2020 మే నెలలో వచ్చిన 203 జీవో, ఇవన్నీ మనకి నోటికొచ్చు కదా. కానీ తెలంగాణ వాళ్లు "జల దోపిడీ" అంటారు, మనం "మా హక్కు" అంటాం, ఇంజనీర్లు "మళ్లింపు" అంటారు, ట్రిబ్యునల్ దగ్గర లాయర్లు "కేటాయింపు" అంటారు. కేటాయింపు, మళ్లింపు అనేవి లెక్కలున్న మాటలు, ఎన్ని టీఎంసీలు అని అడిగితే జవాబు ఉంటుంది. దోపిడీ అంటే లెక్క అడగడానికి లేదు, కోపం ఒక్కటే మిగులుతుంది. సార్ టెస్ట్ ఇదే, మీరు రాసిన మాట పక్కన ఒక అంకె పెట్టగలరా లేదా చూసుకోండి అని. అన్నిటికీ పనికిరాదు ఈ టెస్టు, కానీ నీళ్లు, భూములు, బడ్జెట్ టాపిక్కులకి బ్రహ్మాండంగా పని చేస్తుంది.

భూములు అంటే గుర్తొచ్చింది. భూసేకరణ, భూసమీకరణ రెండూ ఒకటే అనుకుని రాసేటోళ్లు మా బ్యాచ్‌లో సగం మంది ఉన్నారు. సేకరణ అంటే 2013 చట్టం కింద ప్రభుత్వం నష్టపరిహారం ఇచ్చి తీసుకునేది. సమీకరణ అంటే అమరావతిలో చేసినట్టు రైతు భూమి ఇస్తే తిరిగి అభివృద్ధి చేసిన ప్లాట్లు, కౌలు ఇస్తామనేది, ఆడ 30 వేల ఎకరాలకు పైనే ఈ దారిలో వచ్చింది. ఒకదాని బదులు ఇంకొకటి రాస్తే దిద్దేటాయన ఆడే పెన్ను ఆపుతాడు. ఇట్లాంటి చోట భాష బాగుంటే చాలదు, చట్టం కూడా తెలియాలి, సార్ ఈ విషయంలో స్ట్రిక్టు.

ఇంక క్రియల క్లాసు. డెస్కులో పని చేసినాయన కదా, ఇది ఆయన సొంత గడ్డ. ఒక లీడరు ప్రెస్ మీట్‌లో ఒక మాట మాట్లాడినాడు అనుకోండి. ఒక పేపర్లో "స్పష్టం చేశారు" అని వస్తుంది, ఇంకో పేపర్లో "అక్కసు వెళ్లగక్కారు" అని వస్తుంది. మాట్లాడింది అదే మనిషి, అదే మాట. "వెల్లడించారు" అంటే చెప్పింది నిజమే, ఇంతకాలం దాచినారు అని. "ఒప్పుకున్నారు" అంటే తప్పు చేసినారు, ఇప్పుడు దొరికినారు అని. "ఆరోపించారు" అంటే ఇంకా రుజువు కాలేదు అని. "కొట్టిపారేశారు" అంటే కనీసం వినలేదు అని. "దుయ్యబట్టారు", "ధ్వజమెత్తారు", "విరుచుకుపడ్డారు" ఇవన్నీ హెడ్డింగు సరుకు, ఎస్సేలోకి రానివ్వొద్దు అన్నాడు. "అన్నారు" అనేది చప్పగా ఉంటుందని మనకి బోర్ కొడుతుంది గానీ ఎవరి మీదా తీర్పు చెప్పని మాట అదొక్కటే. నేను ఇప్పుడు పొద్దున పేపర్ చదివితే వార్త కంటే ముందు క్రియే కనపడుతోంది, మా ఇంట్లో వాళ్లకి చదివి వినిపిస్తుంటే విసుక్కుంటున్నారు.

ఇంకో జబ్బు, అది మా ఆఫీసు జబ్బు. నేను సచివాలయంలో పని చేస్తా, పొద్దున్నుంచి సాయంత్రం దాకా "పరిశీలించడమైనది", "తొలగించడం జరిగినది" అనే భాషలోనే బతుకు. ఎవరు తొలగించినారు అనేది ఆ వాక్యంలో ఉండదు, కావాలనే ఉండదు. బ్యాచ్‌లో ఉద్యోగం చేసేటోళ్లందరి ఎస్సేల్లోనూ ఇదే. "పేదల ఇళ్లు తొలగించడం జరిగింది" అని రాస్తే సార్ ఎర్ర పెన్నుతో పక్కన "ఎవరు?" అని మాత్రమే రాస్తాడు. పేపరు తిరిగొచ్చేసరికి మార్జిన్ నిండా ఎవరు, ఎవరు, ఎవరు.

మేడం క్లాసు వేరే లోకం. ఆమె పెద్ద మాటల జోలికి పోదు, చిన్న ముక్కలు పట్టుకుంటుంది. "కేవలం 20 ఎకరాలు", "ఏకంగా 20 ఎకరాలు". ఎకరాలు మారలేదు, ముందున్న ఒక్క ముక్కతో మన పక్షం బయటపడింది. "రైతులు సైతం సమర్థించారు" అంటే రైతులు సమర్థిస్తారని మనం అనుకోలేదన్నమాట. "వచ్చిందట" లో ఆ చివరి "ట" చూడండి, ఒక్క అక్షరం, "నేనైతే నమ్మలా" అని చెప్పేస్తుంది. మాట్లాడేటప్పుడు ఈ "ట" మన నోట్లో ఎన్నిసార్లు దొర్లుతుందో లెక్కే ఉండదు, పరిహారం ఇచ్చినారంట, రోడ్డు వేసినారంట అని, అది రాతలోకి "ఇచ్చినట్లు చెబుతున్నారు" అని వేషం మార్చుకుని వస్తుంది. సార్ ఈ క్లాసు వెనక కూర్చుని విన్నాడు, నోట్స్ కూడా రాసుకున్నాడు, నేను చూసినా.

గొడవకి పేర్లు కూడా ఆమే చెప్పింది. చర్చనీయాంశం అంటే జనం మాట్లాడుకుంటాండారు అంతే, ఇంకా ఎవరూ చొక్కాలు పట్టుకోలేదు. అభిప్రాయభేదం అంటే ఇద్దరూ కూర్చుని మాట్లాడుకునే స్టేజీ. వివాదం అంటే ఎవరో ఒకరు కోర్టుకో రోడ్డు మీదికో పోయినారు. రగడ, రచ్చ, దుమారం అంటే విషయం పక్కకిపోయి అరుపులు మిగిలినాయి. చిచ్చు అంటే ఎవరో కావాలని పెట్టినారు అని, పెట్టినోడెవడో చెప్పకుండా ఆ మాట వాడకూడదు. రాద్ధాంతం అంటే ఆ గొడవకి అర్థమే లేదు అని మనమే కొట్టేసినట్టు. "తేనెతుట్టెను కదిపారు" అంటే తప్పు తేనెతుట్టెది కాదు, అడిగినోడిది. ఒక ఎస్సేలో ఒకే గొడవని మొదటి పేజీలో చర్చనీయాంశం అని, రెండో పేజీలో చిచ్చు అని, మూడో పేజీలో రాద్ధాంతం అని రాస్తే నువ్వు ఏ మెట్టు మీద ఉన్నావో నీకే తెలీదు అని అర్థం, అనింది. ఊర్లో గట్టు తగాదా అంటాం కదా, దాన్ని భూ వివాదం అని రాస్తే కోర్టు కాగితం వాసన వస్తుంది, తగాదా అని రాస్తే ఇద్దరు మనుషులు కనపడతారు, ఎస్సేలో ఏది కావాలో చూసుకుని రాయండి అనింది.

రాజధాని క్లాసు గురించి చెప్పకుండా ఈ రివ్యూ అవ్వదు. సార్ మూడు పేర్లు రాసినాడు: మూడు రాజధానులు, వికేంద్రీకరణ, రాజధాని తరలింపు. వికేంద్రీకరణ అనేది 2020 చట్టం పేరులోనే ఉండేది, ఆ చట్టాన్ని 2021 నవంబర్‌లో ప్రభుత్వమే వెనక్కి తీసుకుంది, 2022 మార్చిలో హైకోర్టు అమరావతి రైతుల వైపు తీర్పు ఇచ్చింది. కర్నూలు విషయంలో "న్యాయ రాజధాని" అనే మాట పోయి "హైకోర్టు బెంచ్" అనే మాట వచ్చింది, 2024 నవంబర్‌లో అసెంబ్లీ బెంచ్ కోసం తీర్మానం కూడా చేసింది. మాట చిన్నదయ్యే కొద్దీ ఆశ కూడా ఎట్ల చిన్నదైందో చూడండి అని సార్ అన్నాడో లేదో క్లాసులో మంట అంటుకుంది.

మా బ్యాచ్‌లో తెనాలి నుంచి ట్రాన్స్‌ఫర్ మీద వచ్చిన బ్యాంకు అన్న ఒకాయన ఉన్నాడు. చానా మెత్తని మనిషి. ఆయన లేచి "మా అత్తగారోళ్లు భూములిచ్చినోళ్లండి, మీరు ఏ పేరైనా పెట్టుకోండి, మాకు అది తరలింపే" అన్నాడు. ఆదోని పిల్లోడు వెంటనే "అన్నా, మీకు తరలింపు అనే మాట కొత్త. మాకు 1956లోనే తరలించేసినారు" అన్నాడు. 1953 అక్టోబర్ 1 నుంచి 1956 నవంబర్ 1 దాకా కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని, ఆ తర్వాత హైదరాబాద్ పోయింది, ఈ ముక్క సీమలో చిన్న పిల్లోడు కూడా చెప్తాడు. బ్యాంకు అన్న ఏం మాట్లాడలేదు కాసేపు. మేడం కల్పించుకుని, ఇద్దరి మాటలూ ఇద్దరి పేర్ల మీద ఎస్సేలో పెట్టండి, ఏ ఒక్కదాన్నీ హెడ్డింగు చేయొద్దు అనింది. సార్ ఒప్పుకోలేదు, హెడ్డింగు లేకుండా ఎస్సే ఎట్ల రాస్తారు, చట్టం పేరు పెట్టి "వికేంద్రీకరణ అంటూ తెచ్చిన చట్టం" అని రాయండి అన్నాడు. ఇద్దరూ పది నిమిషాలు వాదించుకున్నారు. ఎవరు గెలిచినారో నాకు తెలీదు, బ్రేకులో మాత్రం బ్యాంకు అన్న, ఆదోని పిల్లోడు కింద బండి దగ్గర ఒకే పేపరు ప్లేట్లో ఉగ్గాణి బజ్జీ తింటాండారు.

ఇప్పుడు తిట్లు.

ఫీజు కట్టగానే చేతికి ఒక ప్రింటు షీటు ఇస్తారు, "వివాదాస్పద అంశాల పదజాలం" అని. లామినేషన్ చేసి మరీ ఇస్తారు. దీన్ని ఈ సార్, మేడం రాసినట్టు లేదు, ఏదో ఇంగ్లీష్ మెటీరియల్ తెచ్చి తెలుగులోకి దింపినట్టుంది. అందులో ఒక వాక్యం ఉంది, "ఈ అంశం సమాజంలో ధ్రువీకరణకు దారితీస్తోంది" అని. మా సచివాలయంలో రోజూ ఇచ్చేవే ధ్రువీకరణ పత్రాలు. కులం, ఆదాయం, పుట్టుక అన్నీ ధ్రువీకరణే. జనం రెండుగా చీలిపోతాండారు అని చెప్పడానికి ఎవడైనా ధ్రువీకరణ అంటాడా? "జనం రెండు వర్గాలుగా చీలిపోయారు" అంటే దిద్దేటాయనకి అర్థమవుతుంది, మన తాతకి కూడా అర్థమవుతుంది. షీటులో ఇట్లాంటివి సగానికి సగం ఉన్నాయి, పెళ్లి పంక్తిలో ప్లాస్టిక్ అరిటాకు వేసినట్టు, చూడ్డానికి పచ్చగానే ఉంటాయి.

అది కూడా సర్దుకోవచ్చు. అసలు డేంజరు ఆ షీటు వెనక పేజీ. "కొందరు ఇలా భావిస్తారు, మరికొందరు అలా భావిస్తారు" అనే మూసలు. ఎవరైనా ఏదైనా అడిగితే ఈ మూసలో పోసేయమని. మా పక్క బెంచీ హిందూపురం అమ్మాయి పాపం సిన్సియర్‌గా అదే చేసింది. ఆమె ఎస్సేలో రాసింది, "శ్రీబాగ్ ఒప్పందం జరిగిందని కొందరు వాదిస్తారు" అని. సార్ ఆ పేపరు క్లాసులో చదివినాడు, పేరు చెప్పకుండా. చదివి కళ్లజోడు తీసి టేబుల్ మీద పెట్టినాడు. "జరిగిందమ్మా. 1937 నవంబర్ 16న జరిగింది. మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు గారింట్లో జరిగింది. ఆ ఇంటి పేరే శ్రీబాగ్. దీంట్లో కొందరు లేరు, మరికొందరు లేరు" అన్నాడు. రాజధాని ఒక దిక్కు, హైకోర్టు ఒక దిక్కు ఉండాలి, ఏది కావాలో ముందు సీమ కోరుకోవాలి అని కోస్తా, సీమ నాయకులు అందులో రాసుకున్నారు. అది కాగితం మీద ఉంది. ఆ కాగితానికి ఇప్పుడు విలువ ఉందా, లేదా, ఉంటే ఎంత, ఆడ మొదలవుతుంది గొడవ. కొందరు, మరికొందరు అనే మాటలు ఆడ వాడుకోండి అన్నాడు.

నేను ఈ బ్యాచ్ నుంచి తెచ్చుకున్నది ఇదే. న్యూట్రల్‌గా ఉండాలనే పేరుతో జరిగినదాన్ని కూడా జరిగిందంట అని రాస్తే అది న్యూట్రల్ కాదు, అబద్ధం. కానీ వాళ్ల షీటు సరిగ్గా ఆ అబద్ధాన్నే నేర్పిస్తాంది. హాల్లో సార్ చెప్పేది ఒకటి, చేతిలో షీటు చెప్పేది ఇంకొకటి. డైరెక్టర్‌కి ఈ మాట చెప్తే "షీటు కంటెంట్ టీం చేసింది, మేడం వాళ్లు చేయలేదు" అన్నాడు, అంటే ఏందో మరి. అదే షీటులో ఒక ఉదాహరణ వాక్యం "ఫ్యాక్షన్ గడ్డగా పేరొందిన రాయలసీమ" అని ఉంది, అనంతపురంలో కూర్చుని అనంతపురం పిల్లలకి ఇచ్చే షీటులో! దాని మీద మాత్రం అందరం కలిసి అరిచినాం, తర్వాత ప్రింటులో తీసేసినారు.

పేర్ల గురించి మేడం చెప్పిన ఇంకో ముక్క ఈడ కలిపేస్తా, ఎందుకంటే అది ఆ ఫ్యాక్షన్ గొడవ రోజే వచ్చింది. 1800లో నిజాం ఈ జిల్లాల్ని కంపెనీకి ఇచ్చేసినప్పటి నుంచి మన పేరు దత్తమండలాలు, ఇంగ్లీష్‌లో సీడెడ్. ఎవరో ఎవరికో ఇచ్చేసిన సరుకు లాగా. 1928లో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావు గారు రాయలసీమ అనే పేరు పెట్టాలన్నారు, ఆయన ఈడ మన ఆర్ట్స్ కాలేజీలోనే తెలుగు చెప్పినాయన, అప్పుడు దాని పేరు కూడా దత్తమండల కాలేజీనే. ఈ సంగతి నాకు తెలీదు, రోజూ ఆ గేటు ముందు నుంచే పోతా. సినిమావాళ్లు మాత్రం ఇప్పటికీ కలెక్షన్లు చెప్పేటప్పుడు సీడెడ్ ఇంత, నైజాం ఇంత అనే అంటారు, మనం కూడా హీరో ఫ్యాన్స్ లెక్కల్లో ఏ సిగ్గూ లేకుండా అదే వాడతాం.

రెండో తిట్టు ఇంకా పెద్దది. ఎస్సీ వర్గీకరణ, అంటే ఎస్సీ రిజర్వేషన్‌ని లోపలి కులాల మధ్య పంచడం. ఈ ఏడాది, వచ్చే ఏడాది ఎప్పుడైనా రాగల టాపిక్. 2004లో సుప్రీంకోర్టు మన రాష్ట్ర చట్టాన్ని కొట్టేసింది, 2024 ఆగస్టు 1న ఏడుగురు జడ్జీల బెంచి 6-1 తో రాష్ట్రాలు వర్గీకరించుకోవచ్చు అనింది. వర్గీకరణ అనాలా, ఉపవర్గీకరణ అనాలా, దాన్ని వ్యతిరేకించేటోళ్లు విభజన అంటాండారు కదా ఆ మాటని ఎట్ల పెట్టాలి, ఏ కులం పేరు ఎట్ల రాస్తే గౌరవంగా ఉంటుంది, ఇవన్నీ నేర్పించాల్సిన చోట సార్ గడియారం చూసుకుని "ఇది సున్నితమైన అంశం, జాగ్రత్తగా రాయండి" అని ముగించేసినాడు. సున్నితం అనేది కూడా ఒక మాటే కదా సార్, దాన్ని అడ్డం పెట్టుకుని ఎంతమంది నోరు మూయించినారో మేడం క్లాసులో ఒక గంట చెప్పొచ్చు. హాల్లో ఆ రెండు పక్షాల పిల్లలూ ఉన్నారు, భయపడి ఉంటాడు, నాకు అర్థమవుతుంది. కానీ నీళ్ల గురించి, రాజధాని గురించి అంత ధైర్యంగా చెప్పినాయన ఈడ తప్పించుకోవడం నాకు నచ్చలేదు. సర్కారు బళ్లలో ఇంగ్లీష్ మీడియం టాపిక్ కూడా పైపైనే, 2019 నవంబర్ జీవో, 2020 ఏప్రిల్‌లో హైకోర్టు కొట్టేసింది, ఇంతే, మాటల గురించి ఏమీ లేదు.

వాల్యుయేషన్. డెమోలో "ప్రతి ఎస్సే సార్ స్వయంగా దిద్దుతారు" అని చెప్తారు. మొదటి కట్ట సార్ దిద్దినాడు, ఎర్ర పెన్ను కనపడుతుంది, పైన చెప్పిన "ఎవరు?" లన్నీ అవే. తర్వాతవి ఎవరో జూనియర్లు దిద్దినారు, నీలం పెన్ను, "గుడ్, ఇంకా ఇంప్రూవ్ చేయాలి" అని, అందరికీ అదే. పేపర్లు తిరిగి ఇవ్వడం కూడా బాగా లేటు. అడిగితే వస్తాయి, అడగకపోతే రావు. రికార్డెడ్ వీడియోలు ఇస్తామన్నారు, గ్రూపులో ఇంకా "అప్‌లోడ్ అవుతోంది" అనే ఉంది.

హాలు మూడో అంతస్తు, లిఫ్టు లేదు, ఎండాకాలంలో పైకప్పు వేడి నేరుగా నెత్తి మీదే. ఫ్యాన్లు రెండు వైపులా ఉన్నాయి గానీ మధ్య వరసకి గాలి రాదు, కిటికీ పక్క సీటు కావాలంటే ముందే పోవాలి. పక్క హాల్లో డీఎస్సీ బ్యాచ్ మైకు, మన సార్ గొంతు చిన్నది, వెనక కూర్చుంటే మీకు సైకాలజీ బాగా వస్తుంది. ఆడోళ్ల బాత్రూం కింది అంతస్తులో, తాళం ఆఫీసులో అడిగి తీసుకోవాలి. ఆదివారం కాబట్టి బండి పార్కింగ్‌కి ఇబ్బంది లేదు. ఫీజుకి రసీదు అడిగి తీసుకోండి, వాళ్లంతట వాళ్లు ఇవ్వరు.

ఎవరికి పనికొస్తుంది అంటే, సబ్జెక్టు వచ్చి, అంకెలు వచ్చి, రాయడానికి కూర్చుంటే పేపర్ హెడ్డింగుల భాష గానీ ఆఫీసు నోటు భాష గానీ వచ్చేసేటోళ్లకి బాగా పనికొస్తుంది. సబ్జెక్టు ఇంకా మొదలుపెట్టనోళ్లు ఇప్పుడే పోవద్దు, లైనింగ్ అంటే ఏందో తెలియకుండా లైనింగ్‌కి ఏ మాట వాడాలో వింటే ఉపయోగం లేదు. ఇంగ్లీష్ మీడియంలో రాసేటోళ్లకి సార్ పద్ధతి పనికొస్తుంది గానీ మేడం క్లాసులు దండగ. గ్రూప్-2 వాళ్లకి అసలు అవసరమే లేదు, మీది మొత్తం బిట్లే.

నా రేటింగ్ 5కి 3.5. సార్, మేడం ఇద్దరికే అయితే నాలుగున్నర ఇస్తా, మిగతాదంతా ఆ షీటు, ఆ నీలం పెన్ను తినేసినాయి.

డెమోకి పోయేటప్పుడు మీరు ఇంతకు ముందు రాసిన ఎస్సే ఒకటి పట్టుకుని పోండి, సార్ ఉన్న ఆదివారమే పోండి, క్లాసు అయ్యాక మెట్ల దగ్గర పట్టుకుని చూపిస్తే నిలబడే ఒక పేజీ దిద్దుతాడు, ఫీజు అడగడు. ఇద్దరు ముగ్గురు కలిసి చేరితే రెండు వేలకి వస్తారు, ఆఫీసులో అమ్మాయిని అడగొద్దు, డైరెక్టర్‌నే అడగండి, ఆయన సాయంత్రం అయిదు తర్వాత ఉంటాడు.